వీపుతో విన్న బేరం

సోలార్ కంపెనీవాళ్ళ ముందు కుర్చీ వెనక్కి నెట్టి లేచి వచ్చిన మొనగాడు తిరుమణి చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. ఆ మొనగాణ్ణి నేనే. ఊరంతా వరసలో నిలబడి సంతకాలు పెడుతుంటే, నా నాలుగెకరాలు రోడ్డు పక్కన ఉన్నాయి, వాటికి అందరికీ ఇచ్చే కౌలు కుదరదు అని చెప్పి, భుజం మీద తువ్వాలు సర్దుకుని బయటికి నడిచాను. అంత పెద్ద కంపెనీ మొహాన అంత మాట అన్నవాడు తాలూకా మొత్తంలో ఇంకొకడు ఉంటే చూపించండి. చూపించలేరు. అంత తెలివితక్కువవాడు ఇంకా పుట్టలేదు.

నిజానికి నేను వద్దనలేదు. బేరమాడాను. అంగళ్ళ వీధిలో పెరిగినవాడికి ఆ రెంటికీ తేడా తెలుసు. మా నాన్నకు బైబిలు దేవుడు నడివయసులో దొరికాడు గానీ, అంగడి మాత్రం ఆయన తాతల నాటిది. పావగడ సంతకు నన్ను వెంటబెట్టుకుని పోయి ఆయన నేర్పిన మొదటి విద్య లేచి నడవడం. ధర అడగాలి, మొహం చిట్లించాలి, సరుకు కింద పెట్టాలి, నడవాలి. మెల్లగా నడవాలి. కళ్ళు ముందున్న అంగడి మీద, చెవులు మాత్రం వెనక. "వీపుతో వినల్లరా" అనేవాడు. అవతలివాడు పిలుస్తాడు. పిలిచినా మొదటి పిలుపుకే తిరగకూడదు. నేను ఆ విద్యలో ఆయన్నే మించిపోయానని వీధిలో పేరు.

ఆ రోజు సంతకాల షామియానాలోంచి నడుస్తూ అట్లాగే వీపుతో విన్నాను. కన్నడంలో మాట్లాడే ఆఫీసరు పిలుస్తాడు, లేదా పక్కన మ్యాపు పట్టుకున్న కుర్రాడు పిలుస్తాడు. గొంతు వినిపించింది. అది మా పక్క చేను పెద్దాయనది.

"ఆ కుర్చీ ఖాళీ అయింది గదప్పా, ఇట్ల జరుపు."

నా కుర్చీలో కూర్చుని ఆయన సంతకం పెట్టాడు. తర్వాత నెలల్లో లారీలు వచ్చాయి, ఇనుప కాళ్ళు దిగాయి, కొండ కింద దాకా నల్లటి ప్లేట్లు పరుచుకున్నాయి. కంచె మా చేను దాకా వచ్చి, మర్యాదగా పక్కకు తిరిగి, తన దారిన తాను పోయింది.

ఇందులో మునిగింది నేనొక్కణ్ణే అయితే దీన్ని నవ్వుతూ ముగించేవాణ్ణి. ఆ ఏడే నా భార్యకు కడుపు ఆపరేషన్ అయింది. వంగి పని చేయకూడదు, బరువులు ఎత్తకూడదు అని డాక్టరమ్మ నాతోనే చెప్పింది. కౌలు వస్తే ఆమెను కూర్చోబెట్టవచ్చు అని ఇంట్లో అనుకున్నదీ నేనే. అది తెలిసే లేచి నడిచాను. పిలుస్తారన్న ధీమా అంత.

కౌలు చేతికి వచ్చిన ఊరివాళ్ళు బండ్లు కొన్నారు. బండి ఉన్నవాడు ఉప్పు ప్యాకెట్టుకైనా పావగడకే పోతాడు. మా అంగట్లో జనం పలచబడ్డారు. ఒకరోజు పొద్దున చూస్తే నా భార్య తలకు గుడ్డ చుట్టుకుని, కొడవలి సంచిలో వేసుకుంటోంది. ప్లేట్ల కింద గడ్డి పెరిగితే నీడపడి కరెంటు తగ్గుతుందట. ఆడవాళ్ళను టెంపోలో తీసుకుపోయి కోయిస్తున్నారు.

"పోవద్దు మే. డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"వంగొద్దని చెప్పింది. అంగడికి సరుకు ఎవురు తెస్తారో చెప్పలేదు."

"కౌలుకు రెండో విడత వస్తాదంట. ఈసారి మన చేనే ముందు. కొన్నాళ్ళు ఆగు."

"నేను ఆగితే చాలదప్పా, టెంపో గూడా ఆగల్ల" అంటూ ఎక్కేసింది.

ప్లేటుకు తల తగలకుండా వంగాలి, వంగినట్టే జరుగుతూ పోవాలి. సాయంత్రం వచ్చి గడప మీద కూర్చుంటే, లేవడానికి నా చెయ్యి అడిగేది కాదు. తలుపు పట్టుకుని లేచేది. వేడినీళ్ళ సీసా నడుముకు పెట్టుకుని ఒకరోజు అన్నది: "ఊర్లో అందరి చేన్లలో గడ్డి కోసినా. మన చేన్లో తప్ప."

నాకు కుదురు పోయింది. అంగట్లో కూర్చుంటే మనసు రోడ్డు మీద ఉండేది, రోడ్డు మీద ఉంటే అంగడి గుర్తొచ్చేది. ఫోను మోగితే కంపెనీ అనుకునేవాణ్ణి, ఎత్తితే లోను కావాలా అని అడిగేవాళ్ళు. ఏ జీపు కనిపించినా చేను పహణీ కాగితాల జిరాక్సులు చంకలో పెట్టుకుని పరుగెత్తేవాణ్ణి. ఒక తెల్ల జీపు సరిగ్గా మా చేను గట్టు దగ్గరే ఆగింది. దేవుడు విన్నాడు అనుకుంటూ రొప్పుతూ పోయాను. అందులోంచి దిగినాయన నాకు వీపు తిప్పి, గట్టు మీద ఒంటేలు పోసి, ప్యాంటు సర్దుకుని ఎక్కి పోయాడు. మా చేనును ఆ కంపెనీ వాడుకున్నది ఆ ఒక్కసారే.

ప్రార్థన మానలేదు. మానకపోగా పెంచాను. ఎట్లా పెంచానో చెబితేనే నా సంగతి తెలుస్తుంది. కౌలు కుదిరితే మా ప్రార్థన మందిరానికి కొత్త రేకులు వేయిస్తానన్నాను. జవాబు లేదు. ఫ్యాను కలిపాను. మైకు సెట్టు కలిపాను. శుక్రవారం ఉపవాసం కొసరు వేశాను. అవతలివాడు ఎక్కువ చెప్పినా ఫరవాలేదు, తిట్టినా ఫరవాలేదు, నోరే విప్పకపోతే బేరగాడికి అంతకు మించిన నరకం లేదు. బైబిల్లో నాకు నచ్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఒక ఊరిని కాల్చవద్దని దేవుడితో బేరమాడి, యాభైమంది మంచివాళ్ళ దగ్గర మొదలుపెట్టి, మెల్లమెల్లగా పదికి దించాడు. ఆయన మా వీధిలో పుట్టవలసినవాడు. ఆయనకు జవాబు ఇచ్చిన దేవుడు నాకెందుకు ఇవ్వడు?

ఇక మిగిలింది నాన్న నేర్పిన విద్యే. లేచి నడిచాను. ఆదివారం నా భార్య మందిరానికి పోతే నేను సగం తలుపు వేసుకుని అంగట్లోనే కూర్చున్నాను. ఆరాధన పాటలు అక్కడికి వినిపిస్తాయి. నాకు కోపం వచ్చిందని అందరికీ చెప్పాను. అబద్ధం. చెవులు వెనకే ఉన్నాయి.

కొన్ని వారాలకు అయ్యగారు వచ్చారు. మా పాస్టరుగారు. మోపెడ్ అంగడి ముందు ఆగగానే నా లోపల ఎవరో లేచి నిలబడ్డారు. దారికొచ్చారు, అనుకున్నాను.

"వందనాలయ్యా."

"వందనాలప్పా. బెల్లం ఉండాదా?"

"ఉండాది. ఎంత?"

"అరకిలో ఇయ్యి. పోయినసారి ఉప్పగా ఉండె."

తూచాను. కట్టాను. డబ్బిచ్చారు. చిల్లర లెక్కపెట్టుకున్నారు. మోపెడ్ స్టార్టు చేశారు. జన్మలో ఎవరినీ వెనక్కి పిలవని నేను మెట్టు దిగి పిలిచాను.

"అయ్యగారూ! నేను మందిరానికి రాలేదు గదా. ఎందుకని అడగరా?"

ఆయన బండి ఆపకుండానే నవ్వారు. "పిలిస్తే రేటు పెంచుతావు. నీ సంగతి నాకు తెలీదాప్పా?"

ఆ మాటకు వారమంతా కుతకుతలాడాను. కోపం ఆయన మీద అనుకున్నాను. ఆయన నా విద్యను పట్టేశారు, అదీ అసలు మంట.

అంతలో కోతపండుగ వచ్చింది. మా మందిరంలో ఆ రోజు ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి బల్ల మీద పెడతారు. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. ఆ వేలం చూస్తే అంగడివాడి కడుపు రగిలిపోతుంది. గుమ్మడికాయను దాని ధరకు మూడింతలు పాడతారు. పాడినవాడు డబ్బు కానుకపెట్టెలో వేసి, కాయను మళ్ళీ బల్ల మీదే పెడతాడు. దాన్నే మళ్ళీ పాడతారు. ఒకే సరుకును పొద్దుగూకే దాకా అమ్మడం, కొన్నవాళ్ళు సంతోషంగా ఇంటికి పోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

అప్పటికే చేన్లన్నీ ప్లేట్ల కిందికి పోయాయి గదా, పండుగ ముందు రోజు అందరూ నా అంగడికే వచ్చారు. గుమ్మడికాయలు, టెంకాయలు. "దేవునికప్పా, మంచిది చూసి ఇయ్యి." నా అంగట్లో కొన్నదాన్ని తమ పంట అని పెడతారన్నమాట. వాళ్ళు పోయాక పగలబడి నవ్వాను.

"నవ్వు" అన్నది నా భార్య. "పండింది మన చేనొకటే. ఎవురు వేసినారో తెలుసునా?"

తెలియదు. లేచి వచ్చిన రోజు నుంచి ఆ చేను మొహం చూడలేదు నేను, జీపుల కోసం పరుగెత్తినప్పుడు తప్ప. అప్పుడు కూడా జీపునే చూశాను. వాన పడిన వారం, టెంపో లేని రోజుల్లో, ఆమే ఒక మూల వేరుశనగ విత్తిందట. సాయంత్రం పోయి కాయలతో, మట్టితో చెట్లు పీకి, కట్టగా కట్టి తెచ్చింది. మళ్ళీ వంగి.

పండుగ రోజు అంగడి మూసి మందిరం పక్క మోరీ గట్టు మీద కూర్చున్నాను. మందిరానికి వీపు తిప్పి. వేలం జరుగుతుంటే దూరంగా ఉండటం నా చేత కాదు. గుమ్మడికాయలు పోయాయి, కోడి పోయింది. తర్వాత వేరుశనగ కట్ట.

"ఇట్ల తేప్పా, వాసన చూస్తా." పక్క చేను పెద్దాయన గొంతు, నా కుర్చీ జరుపుకున్న ఆయనది. "నా చేన్లో శెనక్కాయ పీకి ఎన్నేండ్లాయెనో. కౌలు దుడ్లు వస్తాండాయి గానీ ఈ మట్టి వాసన రాదు గదప్పా." పాడాడు. గెలిచాడు. తిరిగి బల్ల మీద పెట్టాడు. ఇంకొకాయన పాడాడు, పెట్టాడు. కట్ట తిరుగుతోంది. అప్పుడు నా భార్య గొంతు వినిపించింది.

"నా రెండు దినాల కూలి."

తాను వేసి, తాను పీకి తెచ్చిన కట్టకు, నడుము విరిచి తెచ్చుకున్న కూలి పెట్టి తానే పాడుతోంది. ఎప్పుడు లేచానో తెలియదు. గుమ్మంలో నిలబడి అరిచేశాను:

"ఆ కట్ట అంత చెయ్యదు!"

మందిరం ఒక్కసారిగా నవ్వింది. ఆమె నవ్వలేదు.

"బయట కూసున్నోళ్ళకు పాట లేదు. పాడేదుంటే లోపలికి రా."

"చెప్పులు ఆడ ఇడిసి రాప్పా" అన్నాడు పెద్దాయన, పక్కకు జరుగుతూ.

చెప్పులు విడిచాను. లోపలికి పోయాను. పిలవగానే నేను వెనక్కి తిరిగి పోయిన చోటు అదొక్కటే.

"నాలుగు దినాల కూలి" అన్నాను.

"ఎవని కూలి?" అన్నది ఆమె. "నీకు కూలి యాడుండాది?"

మళ్ళీ నవ్వులు. ఆమె కళ్ళు మాత్రం నా మీదనే ఉన్నాయి. టెంపో ఆగదని చెప్పిన రోజు చూసినట్టే చూస్తోంది.

"నాదే. రేపట్నుంచి టెంపో నేనెక్కుతా. నువ్వు అంగట్లో కూసో."

అయ్యగారు కానుకపెట్టె పక్కనుంచి తల ఎత్తారు. "దీనికి నీ రేటేందప్పా?"

"రేటేం లేదయ్యా" అన్నాను.

మరునాడు టెంపో దగ్గర మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, గడ్డి ఆడవాళ్ళ పని అని చెప్పి, చేతికి పొడుగు కర్ర తుడుపు ఇచ్చాడు. ఎండ ఎక్కకముందే ప్లేట్లు కడగాలి. అప్పటి నుంచి కడుగుతున్నాను. పెద్దాయన చేను మీద ప్లేట్లు కడిగేటప్పుడు ఆయన బండి ఆపి, "ఆ మూల మరకుండాది సూడు" అంటాడు. చూస్తాను. ఉంటుంది.

రెండో విడత వస్తుందని ఇప్పటికీ అంటున్నారు. జీపు చప్పుడైతే ఇప్పటికీ కర్ర ఆపి వీపుతో వింటాను, ఆ జబ్బు నయం కాలేదు. ప్రార్థనలో కొసరు వేయడం మాత్రం మానేశాను. ఊరి కోసం బేరమాడిన ఆ పెద్దమనిషి తన చేను కోసం ఆడలేదని, జవాబు వచ్చేదాకా ఉన్నచోటనే నిలబడ్డాడని కడుగుతూ ఉంటే తట్టింది. నేను ఆ కథను అన్నేళ్ళు ధర వైపు నుంచే విన్నాను. ఇప్పుడు అడుగుతాను, అక్కడే ఉంటాను. కొన్ని రోజులు ఉండలేను, మధ్యలో లేచి తిరుగుతాను, మళ్ళీ వచ్చి కూర్చుంటాను.

ఇక బిల్లు. కౌలు రాలేదు. చేను మాదే, ఒక మూల వేరుశనగ, మిగతాది ముళ్ళు. కంపెనీ నాకు బాకీ లేదు, అడిగిన రేటు వాళ్ళు ఒప్పుకుంటామని ఎప్పుడూ అనలేదు. దేవుడూ బాకీ లేడు, రేకులూ ఫ్యానూ నేను చెప్పినవే, ఆయన అడిగినవి కావు. ఆమె అంగట్లో ఒకే ధర చెబుతుంది, బేరం లేదు, అమ్మకం నా రోజుల కంటే కాస్త మెరుగు. అది నాకు ఒళ్ళు మంట, అయినా రాస్తున్నాను. ఆమె నడుము తిరిగి రాలేదు. కాసేపు కూర్చుంటే తక్కెడ పట్టుకుని లేస్తుంది, డాక్టరమ్మ ఇంక ఇంతే అన్నది. ఆ గడ్డి కోసిన ఏళ్ళు నా ఖాతాలోవే, ఇప్పుడు నేను కడిగే ప్లేట్లతో అవి చెల్లవు. పోయిన వారం లేవబోతూ తక్కెడ వదిలి నా చెయ్యి అడిగింది. దాన్ని జమ కింద వేసుకోవచ్చా అని చాలాసేపు ఆలోచించాను. వేసుకోలేదు. అది ఆమె ఇచ్చింది, నేను సంపాదించింది కాదు.