సూదిమొన

రేడియో మెకానిక్‌గా పేరున్న ఆయన, భార్య చెవి మిషన్ తానే బాగుచేస్తానని కూర్చున్నాడు. అందులోని భాగాలు ఆవగింజకన్నా చిన్నవి. సీసం కరిగించి అతుకు వేసే సోల్డరింగ్ ఐరన్‌కి వెడల్పు మొన తీసుకోమని సామాన్ల కొట్టువాడు చెప్పాడు.

"ఆవగింజకి గునపం ఎందుకయ్యా?" అని నవ్వి, సూదిమొన తెచ్చుకున్నాడు.

అంత సన్నటి మొన నుంచి సీసానికి చాలినంత వేడి అందలేదు. కరిగేదాకా అదిమిపట్టేసరికి, మిషన్ లోపలి బోర్డు మీది రాగిపూత ఊడి మొనకు అంటుకుని వచ్చేసింది. ఇక అతకడానికి చోటే మిగల్లేదు. ఆమె చెవికి పనికొచ్చే ఆ రకం మిషన్ ఇప్పుడెవరూ తయారుచేయడం లేదు.

భార్య టీ తెచ్చి, "అయిందా?" అంది.

"పాడుచేశానే," అన్నాడు తల ఎత్తకుండా.

ఆమెకు వినపడలేదు. "మీ చేతిలో పడితే బాగవుతుందని నాకు తెలుసు," అంటూ పక్కనే కూర్చుంది.