మామయ్య కట్టిన బండి

మా మామయ్య పోయి ఇవాళ్టికి పదమూడు రోజులు. ఆఫీసులో టైపు మిషను ముందు కూర్చుని ఉండగా ఫోను వచ్చింది. అత్తమ్మ గొంతు. "పొద్దుగాల చాయ్ తాగిండు, పేపర్ సదివిండు, గట్లనే కుర్చీల కండ్లు మూసిండు. నువ్వు రా బిడ్డా" అంది. చిక్కడపల్లిలో మా గల్లీ మలుపు తిరిగితే వాకిట్లో అందరూ నిలబడి ఉన్నారు. నా కళ్ళు మాత్రం వాళ్లను దాటి మెట్ల పక్కనున్న జపాన్ కారు మీదకు పోయాయి. రోజూ పొద్దున మామయ్య తుడిచే కారు అది. ఆ రోజు దాని మీద దుమ్ము అట్లాగే ఉంది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

ఏడుపు సంగతి అక్కడితో ఆపుతాను. ఆ మనిషి గురించి ముక్కు చీదుతూ రాస్తే ఆయనే ఒప్పుకోరు. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఏడేళ్లు. ఈ ఏడేళ్లలో ఆయన విసుగ్గా నిద్ర లేచిన రోజు నేను చూడలేదు.

మామయ్య సర్కారు కొలువులో డ్రాఫ్ట్స్‌మన్. ముప్పై ఏళ్లు సర్కారు బిల్డింగులకు ప్లాన్లు గీసి, నా పెళ్లయిన ఏడాదే రిటైరయ్యారు. చెవి మీద పెన్సిలు, చొక్కా జేబులో స్టీలు టేపు ఎప్పుడూ ఉండాల్సిందే. నా పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మా గుమ్మం ఎత్తు కొలిచి, "ఆరడుగులకు రెండంగుళాలు తక్కువుంది. అల్లుడు తల వంచి రావాలె. మంచిదే" అన్నారు. ఆ మాటకే నేను ఈ సంబంధం ఒప్పుకున్నానని మా ఆయన ఇప్పటికీ ఉడుక్కుంటారు. "కన్ను అబద్ధమాడుతది బిడ్డా, టేపు ఆడదు" అనేది మామయ్య సిద్ధాంతం. ఆ టేపే ఆయన పరువు ఎట్లా తీసిందో చెప్పడానికే ఇదంతా.

అత్తమ్మ తమ్ముడు గల్ఫ్ నుంచి ఓడ మీద తెచ్చుకున్న కారు అది. నాలుగు తలుపులు, వెనక ముగ్గురు కాళ్లు చాపుకుని కూర్చునే సీటు, పెద్ద పెద్ద మెరిసే బంపర్లు. పిల్లాజెల్లా ఉన్న సంసారం మొత్తం పట్టే బండి. ఏదో పార్టు పాడై, అది ఇక్కడ దొరక్క, హైదర్‌గూడలో వాళ్ల పెరట్లో టార్పాలిన్ కింద ఏళ్ల తరబడి పడి ఉంది. "తూకానికి ఇచ్చేద్దాం బావా" అన్నాడాయన. మామయ్య టార్పాలిన్ ఎత్తి చూశారు. మర్నాడే తాడు కట్టించి, వెనక నలుగురితో తోయించుకుంటూ, తాను స్టీరింగు ముందు దర్జాగా కూర్చుని మా ఇంటికి తెచ్చేశారు.

అత్తమ్మ గేటు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "మా తమ్ముని ఇంట్ల చెత్త మన ఇంటికి మోసుకొస్తివా?"

"చెత్త కాదే, ఇది నీ తల్లిగారింటి బండి. జర మర్యాదిచ్చి మాట్లాడు" అన్నారు మామయ్య.

ఆ నెలలోనే నాకు కడుపని తెలిసింది. మా అమ్మ నేను ఇంటర్ చదివేటప్పుడే పోయింది. నాన్న నా పెళ్లి చేసి, ఆరు నెలలకు పోయారు. ఒకరోజు మా ఇంటికి వచ్చిన చుట్టాలావిడ, "తొలి కాన్పు కద, తల్లిగారింటికి ఎప్పుడు పోతవ్?" అని అడిగింది. తెలియక అడిగిందే. నేను లోపలికి వెళ్లిపోయాను. కారు కింద పడుకుని ఉన్న మామయ్య కాళ్లు మాత్రమే బయటికి కనపడుతున్నాయి. ఆయన విన్నారని నాకు తెలియదు.

సాయంత్రం చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చారు. "తల్లిగారోళ్లు బండి కట్టుకొచ్చి బిడ్డను తోల్కపోతరు. గంతే గద రివాజు? నీ దిక్కు బండి నేను కడత. దవాఖానకు గిదే బండిల పోతవ్. మనుమడో మనుమరాలో, ఎత్తుకొని గిదే బండిల వస్తవ్."

అప్పటికి ఆ బండి చక్రాలు ఊడదీసి, ఇటుకల మీద నిలబెట్టి ఉంది. ఇంజను పట్టేసి ఉంది. వెనక సీట్లో ఎలుక పిల్లల్ని పెట్టింది. నేను కళ్లు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వాను.

ఆ తర్వాతి నెలలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కారు అరలో దానితోపాటు వచ్చిన పుస్తకం దొరికింది. అంతా జపాన్ భాష. మామయ్య దాన్ని చంటిపిల్లను పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకొచ్చారు. "భాష రాకుంటే ఏంది? బొమ్మ వస్తది గద!" ముప్పై ఏళ్లు గీతలు గీసిన కన్ను మరి. ఇంజను బొమ్మలన్నీ పెద్ద కాగితాల మీద గీసి, నడవ గోడకు వరసగా అంటించారు. దేవుడి పటాల పక్కన కార్బొరేటర్ పటం. అత్తమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టి, కళ్లు తెరవగానే దాన్ని చూసి తిట్టేది. ఆమె పాత పోపుల డబ్బా నట్లకు పోయింది. ఆవాల గిన్నెలో చిన్నవి, జీలకర్ర గిన్నెలో కొంచెం పెద్దవి.

ఊడదీసిన ప్రతి ముక్కనూ గుడ్డ సంచిలో వేసి, నంబరు రాసి, చీటీ కట్టే పని నాది. కిరోసిన్ వాసనకు నాకు వాంతులవుతున్నాయని, కడిగే పనంతా ఆయన వెనక వాకిట్లోకి మార్చుకున్నారు. కాచిగూడ పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించి, ఒకరోజు నల్లటి రబ్బరు గొట్టం మెడలో వేసుకుని సిటీ బస్సు దిగారు. ఇక్కడ దొరకదన్న పార్టుకు బదులు, ఏ లారీదో ఏమో. "జపానోని కొలతకు కాచిగూడ రబ్బరు అచ్చంగ సరిపోయింది బిడ్డా!" అని గల్లీ మొదట్నుంచే కేక. ఇంకో చేతిలో నా కోసం ఉస్మానియా బిస్కెట్ల పొట్లం ఉంది.

ఆ పని మధ్యలోనే మా మేడ మీద గదులు లేచాయి. గ్రూప్స్ పరీక్షలకు చదువుకోవడానికి ఊళ్లనుంచి వచ్చినవాళ్లు ఎందరో అశోక్‌నగర్ అంతా నిండిపోయి, మా వైపూ గదులు వెతుకుతున్నారు. వాళ్లకు కిరాయికిద్దామని. పైకి మెట్లు వాకిట్లోనే రావాలి. "కారు తిరిగే జాగా ఎంత కావాలె సార్?" అని మేస్త్రి అడిగాడు. మామయ్య టేపు తీశారు. రెండో కొస నేను పట్టుకున్నాను. ముందు నుంచి వెనక దాకా కొలిచి, సున్నంతో నేల మీద మలుపు గీసి, పైన నాలుగు వేళ్ల జాగా కలిపి, "ఇగ కట్టు" అన్నారు. మేస్త్రి కట్టేశాడు. ఆ రోజు బంపర్లు రెండూ నికిల్ పాలిష్‌కు పోయి ఉన్నాయన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

ఎనిమిదో నెలలో ఇంజను బిగింపు పూర్తయింది. మామయ్య తాళం తిప్పారు. కుయ్ కుయ్ మని మూలిగి ఆగింది. మళ్లీ తిప్పారు. నేను గోడకు అంటించిన బొమ్మ దగ్గర నిలబడి, ఏ తీగ ఎక్కడికి పోవాలో పైకి చదువుతున్నాను. "నాలుగోది మూడో దాంట్ల ఉంది చూడండి మామయ్యా!" అన్నాను. రెండూ మార్చి తిప్పారు. ఢామ్ మని తెల్లటి పొగ, ఆ వెనకే గుండె కొట్టుకున్నట్టు చప్పుడు. పట్టుకుంది! పక్కిళ్ల వాళ్లు పిట్టగోడల మీంచి చప్పట్లు కొట్టారు. మామయ్య కారు దిగి, ఏం చేయాలో తోచక, టేపు తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నారు. నా కడుపులో బిడ్డ తన్నింది. "మనుమరాలికి వినపడ్డది" అన్నారాయన. అప్పటినుంచి మనుమరాలనే అన్నారు.

పాలిష్ అయిన బంపర్లు తెచ్చి బిగించింది ఆ పై వారమే. బండి పెళ్లికొడుకులా తయారైంది. దాన్ని రోడ్డు మీదకు తీద్దామంటే మామయ్య ఒప్పుకోలేదు. "తొలి సవారీ నీదే" అన్నారు. ఆ మాటే కొంప ముంచింది.

ఒక పొద్దున ఏడు గంటలకు నాకు నొప్పులు మొదలయ్యాయి. మామయ్య తెల్ల చొక్కా వేసుకుని, బండికి బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నేనూ అత్తమ్మా వెనక కూర్చున్నాం. తిప్పగానే పట్టుకుంది. నిమ్మకాయలు చితికాయి. బండి మెట్ల దగ్గర మలుపు తీసుకుంది. టంగ్! ముందు బంపరు కాంపౌండు గోడకు తగిలింది. వెనక్కి తీశారు. టంగ్! వెనక బంపరు మెట్టుకు తగిలింది. ఎటు తిప్పినా టంగే.

మామయ్య దిగి ముందు కొలిచారు, వెనక కొలిచారు. టేపు చేతిలో వేలాడుతోంది. "బంపర్లు లేనప్పుడు కొలిచిన" అన్నారు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

"ముప్పయ్యేండ్లు సర్కారు బిల్డింగులు కొలిచి, ఇంట్ల బండి కొలువ రాకపాయె!" అని అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. నాకు నవ్వు ఆగలేదు. నొప్పుల్లో నవ్వితే ఎంత నొప్పో పడ్డవాళ్లకే తెలుసు. మా ఆయన ఆటో తెచ్చారు. గల్లీ మలుపులో వెనక్కి తిరిగి చూస్తే, మామయ్య బంతిపూల బండి పక్కన కదలకుండా నిలబడి ఉన్నారు. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

నారాయణగూడ ఆసుపత్రిలో మధ్యాహ్నానికి పాప పుట్టింది. సాయంత్రం మామయ్య వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. పాపను ఎత్తుకోలేదు.

"మాట తప్పిన బిడ్డా" అన్నారు. "రేపు మేస్త్రి వస్తుండు. మెట్లు పగలగొట్టిస్త."

"మెట్లు పగలగొడితే పైనోళ్లు ఎట్ల దిగాలె మామయ్యా? బంపర్లు లేకుండ కొలిచినం కద. బంపర్లు తీసేసి బండి బయటికి తీయండి."

"మొగం లేని బండిల నిన్ను తోల్కరావాల్నా?"

"గేటు బయట రోడ్డు మీద బిగించండి. ఎనిమిదే బోల్టులు. పద్నాలుగు నంబరు పానా. సంచి మీద నేనే రాసిన కద! టేపు ఇంకో కొస నా చేతిల్నే ఉండె. తప్పుల సగం నాది. నేను మాత్రం ఆటోల రాను. బండి వస్తెనే వస్త."

ఆయన గుమ్మం దాటి లోపలికి వచ్చారు. టేపు తీసి, పాపను తల నుంచి మడమ దాకా కొలిచారు. "ఇరవై అంగుళాలు" అని, కళ్లు తుడుచుకుని, దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్లిపోయారు.

ఐదో రోజు పొద్దున బంపర్లు తళతళలాడుతూ బండి ఆసుపత్రి ముందు నిలబడింది. మామయ్య నా చేతిలో పానా పెట్టారు. "ఏడు బిగించిన. ఎనిమిదోది నీది." పక్కన ఉండే బోల్టు అది, వంగకుండానే అందింది. నర్సులు చూస్తుండగా బిగించి, పాపను తీసుకుని ఎక్కాను.

ఇంటికి పది నిమిషాల దారి. చౌరస్తాలో మామయ్య బండిని కాచిగూడ వైపు తిప్పారు.

"ఎటు పోతున్నవ్? దారి మరిచినవా?" అంది అత్తమ్మ.

"తల్లిగారిల్లు గంత దగ్గర ఉంటదా? జర దూరం తిరిగితెనే, పోయి వచ్చినట్టుంటది."

కాచిగూడ స్టేషను, విద్యానగర్, అశోక్‌నగర్. కిటికీ అద్దం దించుకుని, ఒళ్లో పాపతో, తల్లిగారింటి నుంచి వస్తున్న పిల్లలాగా ఊరంతా చూస్తూ వచ్చాను. అమ్మ పోయాక నాకు కలిగిన పెద్ద సంతోషం అదే. ఇన్నాళ్లూ ఆయనకు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఆ తర్వాత మెట్లు పగలగొట్టనే లేదు. "తప్పు నేను చేస్తే మెట్లకు శిక్షనా?" అనేవారు. బండి బయటికి తీసిన ప్రతిసారీ బంపర్లు ఊడదీయడం, రోడ్డు మీద బిగించడం. తిరిగొచ్చాక మళ్లీ ఊడదీయడం. ఏడు ఆయనవి, ఎనిమిదోది నాది. గల్లీవాళ్లు నవ్వినన్ని రోజులు నవ్వి, తర్వాత తామే వచ్చి ఓ కొస పట్టుకునేవాళ్లు. ఇందిరా పార్కు చుట్టూ ఆదివారాలు నాకు డ్రైవింగ్ నేర్పారు. "కాలు బ్రేకు మీద, కన్ను కుక్కల మీద" అన్నది ఒక్కటే పాఠం.

మొన్న పదకొండో రోజు అయ్యాక, రివాజు ప్రకారం అత్తమ్మను ఒక రాత్రి నిద్రకు తల్లిగారింటికి, హైదర్‌గూడకు పంపాలి. "బండి కట్టేటాయనే పాయె. ఆటోల పోత తియ్" అంది. నేను లోపలికి వెళ్లి పద్నాలుగు నంబరు పానా తెచ్చాను. "నీ దిక్కు బండి నేను కడత అత్తమ్మా" అన్నాను.

బంపర్లు లేని బండిని నేనే బయటికి తీశాను. మా ఆయన బంపర్లు పట్టుకున్నారు. ఆరేళ్ల మా అమ్మాయి గౌను ఒడిలోంచి ఒక్కొక్క బోల్టు అందించింది. ఏడు బిగించాను. ఎనిమిదోది నా చేతిలో పెట్టి, "అమ్మా, ఇది నీది" అంది. నేను దాన్ని అత్తమ్మకిచ్చాను. ఇన్నేళ్లలో ఆ బండి నట్టు ఒక్కటీ ముట్టని మనిషి, దాన్ని కళ్లకద్దుకుని, తన చేత్తో తిప్పి, నా పక్కన ముందు సీట్లో కూర్చుంది.

నారాయణగూడ చౌరస్తాలో హైదర్‌గూడ వైపు ఇండికేటర్ వేశాను.

"గటు కాదు బిడ్డా" అంది అత్తమ్మ, ఎదురుగా చూస్తూ. "కాచిగూడ దిక్కు తిప్పు. మా తల్లిగారిల్లు గంత దగ్గర ఉండదు."

తిప్పాను. ఆమె ఒళ్లో మామయ్య స్టీలు టేపు ఉంది. ఎప్పుడు తెచ్చుకుందో చూడలేదు. విద్యానగర్ దాటేదాకా దాన్ని జానెడు బయటికి లాగుతూ, వదులుతూ, మళ్లీ లాగుతూ కూర్చుంది.