దోనెకు ఆముదం పోసిన పొద్దు

పెండ్లయి హిందూపురం నుంచి ధర్మవరం వచ్చిన రెండేండ్లకు మా మామ నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టినాడు. నేసేది వచ్చింది గానీ దోనె తిప్పేది మాత్రం చేతికి పట్టుబడలేదు. నేసిన బట్టను చుట్టుకునే దుంగ అది. జానెడు నేసినాక కొంచెం తిప్పాల. ముందు మొండికేసి కదలదు, గట్టిగా లాగితే ఒక్కసారిగా దూకుతాది. వెంట్రుకవాసి ఎక్కువ తిరిగినా పోగుల మధ్య సందు పడతాది. మామ ఎడమచేత్తో దుంగను టకటకా తడుతూ తిప్పుతాంటే అది మెల్లగా కదిలేది.

"ఏంది మామా, నిద్ర లేపుతాండావా?" అని నవ్వేదాన్ని.

ఆ యేడు మగ్గం మీద ఉండింది మా అక్క కూతురి పెండ్లి చీర. ఇంకో రెండు మూరలుందనంగా, పెనుకొండలో తన చెల్లెలికి జబ్బని కబురొస్తే మామ రైలెక్కినాడు. "పెండ్లి ఐదు దినాలే ఉండాది, నువ్వు నెయ్యి" అన్నాడు పోతా పోతా.

నేను తెలివి చూపించినా. బండి ఇరుసుకు పోసినట్ల దోనె కూర్చునే గూట్లో ఆముదం పోసినా. ఎప్పటి మాదిరే బలం పెట్టి తిప్పితే జర్రున తిరిగింది. మేలాయె అనుకుని ఇంకా నేసి చూద్దును గదా, చీరకు అడ్డంగా వెలుతురు గీత!

మా అత్త చూసి, "పుట్టింటి చీరకే ఆముదం వడ్డిస్తివి గదే" అనింది.

మరుసటి దినం మామ వచ్చి గీత చూసినాడు, గూడు చూసినాడు. "దోనెకు పోస్తివి సరే, చేతికి చెప్పినావా?" అన్నాడు. గీత దాకా అడ్డంగా నేసిన పేకపోగులు ఒక్కొక్కటే తీసి, మళ్లీ నేసి, తానే తిప్పినాడు. ఆయనకూ దూకింది! అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మొండిదాన్ని కదిలించడానికి నేర్చుకున్న బలం, దాని మొండితనం పోయినాక కూడా చేతిలోనే ఉంటాదని అప్పుడు తెలిసింది నాకు. ఆయనది ముప్పై ఏండ్ల బలం.

మామ దోనెను వెనక్కి తిప్పి, "నా చెయ్యి ఇంక మాట వినదమ్మీ. నీది పచ్చి చెయ్యి, నువ్వు తిప్పు" అన్నాడు. రెండు వేళ్లతో తిప్పినా. నిలిచింది. ఆణ్నుంచి నేసేది ఆయన, తిప్పేది నేను.

హిందూపురంలో మా అక్క చీర మడత విప్పి ఎండకు పట్టింది. నేను గోడకానుకుని ఆమె వేలినే చూస్తాండినా.

"దీంట్లో నువ్వు నేసిందెంత, మీ మామ నేసిందెంత?"

"నువ్వే చెప్పు."

రెండుమార్లు వేలితో తడిమింది. వేలు ఎక్కడా ఆగలేదు. కూతుర్ని పిలిచి భుజం మీద కప్పింది.