డెబ్బై నాలుగో నంబరు చేతివేళ్లు

ఆ సీజన్ చివరి ఆదివారం ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు డెరిక్ వేళ్లకు టేపు వేశాను. అప్పట్లో నేను అమెరికా మిడ్‌వెస్ట్‌లో, చేతులతో ఆడే అక్కడి ఫుట్‌బాల్‌లో ఒక ప్రొఫెషనల్ జట్టుకు అథ్లెటిక్ ట్రైనర్‌ని. ఆటగాళ్ల దెబ్బలు చూడటం, ఆటకు ముందు వాళ్ల కీళ్లకు టేపు చుట్టడం నా పని. డెబ్బై నాలుగో నంబరు జెర్సీ వేసుకునే డెరిక్ అఫెన్సివ్ లైన్‌మన్, నూట నలభై కిలోల మనిషి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేవాళ్లను అడ్డుకోవడమే అతని ఉద్యోగం. ఎదుటివాళ్ల జెర్సీలో చిక్కుకుని విరగకుండా అతని వేళ్లను రెండేసి కలిపి కట్టేవాణ్ణి. అలా పదకొండేళ్లు కట్టాను. అన్నేళ్లలో అతను ఒక్క పాస్ కూడా పట్టలేదు. నిబంధన ప్రకారం లైన్‌మన్ పట్టకూడదు.

మా ఇంట్లో ఆరు నెలలు ఉండటానికి వచ్చిన నాన్నకు ఇది మింగుడు పడలేదు. “బంతి ముట్టుకోనివాడు బంతాట ఏం ఆడతాడ్రా?” అనేవారు.

డెరిక్ మోకాలు అరిగిపోయింది. అతనికి అదే ఆఖరి ఆట. రిఫరీకి ముందుగా చెప్పుకుంటే లైన్‌మన్ కూడా ఆ ఒక్క ప్లేలో, అంటే ఆ ఒక్క ఎత్తుగడలో, పాస్ పట్టవచ్చు. కోచ్ అతని కోసం అలాంటి ప్లే ఒకటి దాచాడు. వారమంతా డెరిక్ టేపు లేకుండా ప్రాక్టీస్ చేశాడట. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చెప్పవలసిన డెరిక్, ఎప్పటిలాగే నా బల్ల మీద కునుకు తీశాడు. ఆ నిద్రలోనే అతని వేళ్లు కట్టేశాను.

ఆఖరి నిమిషం. నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. బంతి దాటించాల్సిన గోల్ గీతకు ఇంకా రెండు గజాలు. ఈసారి పాస్ పట్టేది తానేనని రిఫరీకి సైగ చేయడానికి ఛాతీ మీది నంబరు తడమబోయి డెరిక్ తన చేతులు చూసుకున్నాడు.

“రావ్! నా వేళ్లు!” అని నన్ను కేకేశాడు.

కత్తెర నా జేబులోనే ఉంది. కానీ రిఫరీ పిలవనిదే ట్రైనర్ మైదానంలోకి వెళ్లకూడదు. డెరిక్ టేపు కొరుకుదామని చేయి నోటి దగ్గరికి తీసుకెళ్లాడు. హెల్మెట్ ఊచలు అడ్డొచ్చాయి.

“పట్టుకోకు, కౌగిలించుకో!” అని అరిచాను.

బంతి అతని అరచేతులకు తగిలి, పైకి లేచి, పొట్ట మీద పడింది. దాన్ని రెండు చేతులతో అదుముకుని గీత అవతల కూలబడ్డాడు. టచ్‌డౌన్! ఆరు పాయింట్లు, ఆట మాదే. జట్టంతా అతని మీద పడింది. నేను నవ్వు ఆపుకోలేక బెంచీ పట్టుకున్నాను. రిఫరీ బంతి అడిగితే డెరిక్ ఇవ్వలేదు.

“వేళ్లు రావట్లేదు సార్. కట్టినవాడు అడుగో, అతన్నే అడగండి” అన్నాడు.

ఇంటికి వెళ్తే, టీవీలో ఆట చూసిన నాన్న గుమ్మంలోనే అందుకున్నారు. “ఏరా, ఇన్నాళ్లకి పాపం వాడి దగ్గరికి బంతి వస్తే, చేతులు కట్టేసి పంపిస్తావా?”

నిరుడు డెరిక్ పోయాడు. అంత్యక్రియల రోజు చర్చిలో ఆ ఆట వీడియో వేశారు. టేపు కొరకబోయిన చోట అతని భార్యే ముందు నవ్వింది.

పని ఎంత అలవాటైనదైనా, చేసే ముందు అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా అడిగే చుట్టాను. నిద్రపోతున్న మనిషి వేళ్లకు ఆ జట్టులో ఇప్పుడెవరూ టేపు వేయరు.