ఆయన ముఖం మీద హక్కు

మా ఆయన పోయిన మర్నాడు, అమెరికాలోని చాండ్లర్‌లో ఒక ఫోటో షాపు కౌంటర్ దగ్గర నిలబడి, ఆయన ముఖం మీద నాకు ఏ హక్కూ లేదని తెలుసుకున్నాను.

జబ్బు ఆయన్ని గుర్తుపట్టలేకుండా చేసింది. అందుకే సమాధికి ముందు చర్చిలో జరిగే ఆదరణ కూడికప్పుడు పెట్టె మూసే ఉంచి, పక్కన పెద్ద ఫోటో పెడదామనుకున్నాం. ఆ ఫోటో దొరకడమే కష్టమైంది. ఎవరింట్లో పుట్టినరోజైనా కెమెరా ఈయన చేతిలోనే ఉండేది. మా చర్చి పిల్లలందరూ ఆయన తీసిన ఫోటోల్లో ఉన్నారు, ఆయనే లేరు.

ముఖం పూర్తిగా కనిపించేది ఒక్కటే ఉంది. మా పాతికేళ్ళ పెళ్ళిరోజుకి మాల్‌లోని స్టూడియోలో ఇద్దరం తీయించుకున్నది. ఆ స్టూడియో నడిపే ముసలి ఫోటోగ్రాఫర్ ఏదో జోకు వేస్తే ఆయన మనసారా నవ్వారు. ప్రింటుతోపాటు కంప్యూటర్ ఫైల్ కూడా కొనుక్కోమంటే ఎందుకులే అనుకున్నాం. మా భీమవరంలో ఎవరి పాత ఫోటో పట్టుకెళ్ళినా పెద్దది చేసి, ఫ్రేము కట్టి చేతిలో పెడతారు. మనం తీయించుకున్న ఫోటో మనది కాకుండా ఎవరిదవుతుంది?

కౌంటర్ దగ్గరి మనిషి ఫోటో తిప్పి వెనక స్టూడియో ముద్ర చూశాడు. తీసినవాళ్ళ అనుమతి లేకుండా కాపీ చేయలేమన్నాడు. స్టూడియో మూసేశారని చెప్పాను. ఆ ఫోటోగ్రాఫర్ కూడా పోయాడని చెప్పాను. అయితే అతని వారసుల్ని అడగాలట. మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండిపోయింది.

కార్‌లో మా మరిది ఫోన్ చూసి తల పట్టుకున్నాడు.

"ఫోటోగ్రాఫర్ చనిపోయాక ఇంకో సెవెంటీ ఇయర్స్ కాపీరైట్ ఉంటుందంట వదినా. ఇంట్లోనే స్కాన్ చేసి ప్రింట్ తీద్దాం, ఎవడు అడుగుతాడు?"

తీశాం. మా ప్రింటర్‌లో ఆయన ముఖం ఆకుపచ్చగా, చారలు చారలుగా వచ్చింది. చించి పారేశాను.

తీసినవాడు తన కష్టం తాను తినాలి, కాదనను. కానీ పోయినవాడికి దానితో పనేమిటి? అసలీ ఫోటో ఒకటి ఉందని ఆ వారసులకే తెలియదు. ఎవరికీ అక్కర్లేని హక్కుకి కాపలా కాస్తూ, ఆ ఫోటో కావలసిన నన్ను గుమ్మంలోంచి పంపేశారు. ఈ చట్టం రాసినవాళ్ళ ఇళ్ళలో ఎవరూ పోలేదేమో.

చివరికి నా ఫోన్‌లో ఉన్న ఫోటో పట్టుకుని మళ్ళీ ఆ షాపుకే వెళ్ళాను. ఆయన డ్రైవ్ చేస్తుంటే పక్క సీట్లోంచి తీసింది. ఒక చెవి, కాస్త చెంప, కళ్ళజోడు కాడ. ఎవరు తీశారని కౌంటర్ మనిషి అడిగాడు. నేనే అన్నాను. అభ్యంతరం లేదు, పెద్దది చేసి ఇచ్చాడు.

కూడికలో మరిది చిన్నకూతురు ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడి, నా చీర కొంగు లాగింది.

"పెద్దమ్మా, పెదనాన్న మనల్ని చూడట్లేదు ఎందుకు?"

దాన్ని దగ్గరికి తీసుకుని ఏడ్చాను.

నవ్వే ఫోటో బీరువాలో ఉంది. ఆ డెబ్భై ఏళ్ళూ గడిచాక దాన్ని ఎవరైనా ఎంత పెద్దదైనా చేసుకోవచ్చు. అప్పటికి ఆ ముఖం చూడాలనుకునేవాళ్ళు ఎవరూ ఉండరు.