గళ్ళల్లో అల్లిన లేసు

మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, నరసాపురం దగ్గర పల్లెలో ఉంటుంది. అన్నయ్యకి రొయ్యల చెరువులు, వదినకి లేసు. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని, కబుర్లు ఆపకుండానే కొక్కెం సూదితో లేసు అల్లేస్తుంటారు. వదిన అల్లడంతో ఆగలేదు, డిజైన్లు కూడా వేసేది. కొన్నేళ్ళ కిందట నేనే ఆవిడకి ఎక్సెల్ చూపించి, "ఒక్కో గడీ ఒక్కో అల్లిక అనుకోండి. అల్లాల్సిన చోట రంగు వెయ్యండి, కన్నం ఉండాల్సిన చోట వదిలెయ్యండి" అన్నాను. ఆవిడ ఇట్టే పట్టేసింది. నెమళ్ళు, తామరలు, తెరచాప పడవలు, ఆఖరికి మీసాలతో సహా మా అన్నయ్య మొహం. ఆ మొహాన్ని బల్లగుడ్డగా అల్లించి, "మీ అన్నయ్య నోరుమూసుకుని నా మాట వినేది ఇక్కడేనండి" అని పడీ పడీ నవ్వింది.

ఒక్కో డిజైను తెమలడానికి వారాలు పట్టేది. గడి గడికీ రంగు మార్చి, నచ్చక చెరిపేసి, మళ్ళీ వేసేది. అల్లిన లేసు అల్లినట్టే ఊరు దాటి అమ్మకానికి వెళ్ళిపోయేది. ఆవిడకంటూ మిగిలేది కంప్యూటర్లో ఉన్న ఆ గళ్ళే.

మొన్న వానాకాలంలో ఒక రోజు పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసింది. నేను రాజమండ్రిలో ఒక ఎరువుల ఆఫీసులో గుమాస్తాని. ఆ రోజు ఆడిటు. బల్ల నిండా ఫైళ్ళు, బుర్ర నిండా కంగారు.

"మరిదిగారూ, పనిలో ఉన్నారా?"

"పర్లేదు, చెప్పండి వదినా."

"కంప్యూటర్ లేవట్లేదండి. నిన్నంతా కరెంటు పోతూ వస్తూ ఉంది. పొద్దున్నుంచీ చుక్కలు గిర్రున తిరగడం, నీలం తెర రావడం, మళ్ళీ చుక్కలు. మీ అన్నయ్య చెరువుల మీద జనరేటరు పెట్టించారు గానీ ఇంటికి పెట్టించరు కదండీ, రొయ్యలకున్న విలువ నాకు లేదు."

ఇలాంటి వైద్యాలు నేను చుట్టాలందరికీ చేసేవాణ్ణి. నేర్చుకున్నదేం లేదు, ఎప్పుడో పిన్ని వాళ్ళింట్లో ఊడిపోయిన వైరు గుచ్చితే తెర వెలిగింది, ఆ దెబ్బతో పేరొచ్చేసింది. నిజం చెప్పొద్దూ, ఆ పేరంటే నాకు మహా ఇష్టం. వదిన చేత వైర్లన్నీ పీకించి మళ్ళీ పెట్టించాను. స్విచ్చి నొక్కి పట్టుకోమన్నాను. రిపేరు అని ఉన్న చోట నొక్కించాను. ఊహూఁ. ఆవిడేమో తెర మీద ఇంగ్లీషు ముక్కల్ని కూడబలుక్కుని చదువుతోంది. అవతల గదిలోంచి ఆడిటరు గారు కేకేస్తున్నారు. నాకు చిరాకు తన్నుకొస్తోంది.

ఇక మిగిలింది రీసెట్ ఒక్కటే, అంటే విండోస్‌ని మళ్ళీ మొదట్నుంచి ఎక్కించడం. అందులో రెండు దారులుంటాయి. పైది మన ఫైళ్ళని ఉంచేస్తుంది, కిందిది మొత్తం తుడిచేస్తుంది. పైదాన్ని అంతకుముందు ఒకరింట్లో నొక్కితే సగంలో ఆగిపోయి నా పరువు పోయింది. అందుకని కిందిదే నయం అనుకున్నాను. డిజైన్ల సంగతి గుర్తు రాకపోలేదు. ఎప్పటికప్పుడు పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోమని నేనే ఒకటి కొనిచ్చాను.

"వదినా, పెన్‌డ్రైవు ఎలా ఉంది?"

"అదా? అది నిండుకుందండీ."

"అమ్మయ్య! ఇంకేం భయం లేదు. కింద లైను నొక్కండి."

ఆవిడ ఆ లైను కూడబలుక్కుని చదువుకుంది.

"రిమూవ్ ఎవ్రీథింగ్ అనుందండి. అన్నీ తీసేస్తానని కదా? పర్లేదంటారా?"

"పర్లేదన్నానుగా వదినా! నేనున్నాను, ముందు నొక్కండి."

"అలాగేనండి" అని నొక్కేసింది.

సాయంత్రం మళ్ళీ ఫోన్. గొంతులో సంబరం. "లేచిందండీ! కొత్తదానిలా తళతళలాడిపోతోంది. ఇప్పుడు నా డిజైన్లు ఎక్కడినుంచి తెచ్చుకోవాలో చెప్పండి."

"పెన్‌డ్రైవు గుచ్చండి, అందులోనే ఉంటాయి."

"దాంట్లో ఏమున్నాయండీ? నిండుకుందని పొద్దున్నే చెప్పాను కదా."

నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. మా ఇళ్ళల్లో బియ్యం అయిపోతే లేవు అనరు, నిండుకున్నాయి అంటారు. లక్ష్మీదేవి ఉండే ఇంట్లో లేదు అన్న మాట వినపడకూడదని. ఉప్పు, పప్పు, గ్యాసు, అన్నిటికీ అదే మాట. మా అమ్మ నోట ఆ మాట విని సంచీ పట్టుకుని కొట్టుకి పరిగెత్తినవాణ్ణి నేను. వదిన ఆ పెన్‌డ్రైవుని ప్రింటు తీయించడానికి ఎవరికో ఇస్తే, వైరస్ ఉందని వాళ్ళు మొత్తం తుడిచి ఇచ్చారట. ఆవిడ లెక్కలో అదీ ఇంట్లో ఒక డబ్బానే, అందులో సరుకు నిండుకుంది. నేనేమో నిండా ఉందని విన్నాను. తేడా తెలియక కాదు, ఆవిడ మాట ఆగి వినే ఓపిక లేక.

"మరి అన్నీ తీసేస్తానంటుంటే ఎందుకు నొక్కారు వదినా?" అన్నాను. ఛీ, ఆ మాట అన్నది కూడా నేనే.

"మీరు నొక్కమన్నారు కదండీ. మళ్ళీ తెప్పించే ఉపాయం ఏదో మీకు తెలుసనుకున్నాను."

ఆదివారం ఊరెళ్ళాను. పోయిన ఫైళ్ళని వెనక్కి లాగుతాయని చెప్పే సాఫ్టువేర్లన్నీ ఎక్కించాను. ఏవో పేర్లు లేని ఫైళ్ళు దొరికాయి. తెరిస్తే పిచ్చి గీతలు. వదిన కుర్చీ వెనకాలే నిలబడి, ఒక్కోటి తెరిచినప్పుడల్లా ముందుకి వంగి చూస్తోంది. "ఇది నెమలి తోకేమోనండి?" అంది ఒకసారి. కాదు. ఆవిడ మొహంలోకి చూడాలంటే నాకు భయం వేసింది.

మధ్యాహ్నం అన్నయ్య చెరువుల మీంచి వచ్చాడు. "ఏంటి, ఇంకా లేవలేదా అది?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే వదిన అందుకుంది. "లేచిందండి. నేనే తొందరపడి ఏదో నొక్కేశాను, డిజైన్లు పోయాయి."

"చూసుకుని నొక్కొద్దూ? ఆదివారం పూట వాడు రాజమండ్రి నుంచి పరిగెత్తుకొచ్చాడు పాపం."

పాపం అన్నది నన్ను! మౌసు పట్టుకుని బొమ్మలా కూర్చున్నాను. వదిన కొరమీను పులుసు వడ్డించింది, వద్దంటున్నా మారు వేసింది. సిగ్గులేకుండా తిన్నాను.

అన్నయ్య బండి మీద బస్టాండుకి దింపుతుంటే ఇక ఉండబట్టలేక చెప్పేశాను. "తప్పు వదినది కాదన్నయ్యా. పర్లేదా అని అడిగింది కూడా. నేనే గదమాయించి నొక్కించాను."

"ఓస్, అంతేనా!" అని నవ్వాడు. "పోతే పోనీరా, లేసు బొమ్మలేగా. మళ్ళీ వేసుకుంటుందిలే."

తిడతాడేమో, తిడితే కాస్త బరువు దిగుతుందేమో అనుకున్నాను. ఆయనకసలు ఏదీ పోయినట్టే లేదు. మర్నాడు వదినకే ఫోన్ చేసి క్షమించమన్నాను. "అయ్యో, అవేం మాటలండీ, మీరు కావాలని చేశారా?" అని, మా ఇంట్లో అందరి క్షేమాలూ అడిగి పెట్టేసింది.

ఆ తర్వాత ఎప్పుడు మాట్లాడినా "కంప్యూటర్ ఎలా ఉంది వదినా?" అని అడుగుతూనే ఉన్నాను. "బానే ఉందండి" అంటుంది. ఈమధ్య అన్నయ్య మాటల మధ్యలో చెప్పాడు, అది మళ్ళీ లేవకుండా వారం పైనే మొండికేసిందట, భీమవరం నుంచి ఎవరినో పిలిపించుకుందట. ఆ వారంలోనే నేనొకసారి ఫోన్ చేసి అడిగాను. బానే ఉందండి అనే చెప్పింది.