చివరి పొయ్యికి లావు పైపు

ఎజ్రాది భట్టిప్రోలు. కాలవ చివరి పొలాల్లో పుట్టినవాడు. ఎగువవాళ్ళు పెద్ద తూములు పెట్టుకుని నీళ్ళన్నీ మింగేస్తుంటే, బీటలు తీసిన మళ్ళు చూస్తూ పెరిగాడు. తెనాలి వచ్చి పైపుల పని నేర్చుకున్నా ఆ కోపం పోలేదు. పెళ్ళి భోజనాల్లో కూడా వడ్డన చివరి విస్తరి నుంచి మొదలుపెట్టమని తగువుకు దిగేవాడు. నాదీ దిగువ ఊరే కాబట్టి నేనెప్పుడూ అతని పక్షమే.

నేను పాకం పట్టే శివరామయ్య గారి మిఠాయి కార్ఖానాలో, తొంభై మూడులో ఊక పొయ్యిలు తీసేసి గ్యాసు పెట్టించారు. పైపుల పని ఎజ్రాకే వచ్చింది. వరసగా ఆరు పొయ్యిలు. సిలిండర్ల గది పక్కనే మొదటిది నాగులుది. అతనిది సంగం జాగర్లమూడి, అంటే ఎగువ. అన్నిటికన్నా చివరిది ఎజ్రా భార్య రిబ్కాది. ఊక పొగకి పట్టిన దగ్గు ఆమెను ఏళ్ళుగా వదల్లేదు. గ్యాసు వస్తే బతికిపోతాననుకుంది.

ఎజ్రా ఎవర్నీ అడగలేదు. సిలిండర్ల దగ్గర అరంగుళం పైపు మొదలెట్టి, పోనుపోను లావు చేస్తూ, రిబ్కా దగ్గరికి ఒకటిన్నర అంగుళం చేశాడు.

"ఇదేంటి తమ్ముడూ, తిరగేసి వేశావు?" అన్నాడు నాగులు.

"మీ ఎగువోళ్ళ సంగతి నాకు తెలీదా అన్నా?"

ముందు రిబ్కా పొయ్యి ఒక్కటే వెలిగించి చూశారు. మంట నిండుగా లేచింది. ఎజ్రా మీసం మెలేశాడు. తర్వాత ఆరూ వెలిగించారు. నాగులు మూకుడు ఓ మాదిరిగా కాగింది. రిబ్కా మంట కొవ్వొత్తిలా వణికి ఆరిపోయింది.

"రేపటికి మండకపోతే మళ్ళీ ఊకే," అన్నారు శివరామయ్య గారు.

ఎజ్రా నాగులు మీద విరుచుకుపడ్డాడు. రిబ్కా దగ్గుతూనే అడ్డుపడింది.

"ఆయన్నంటావేంటయ్యా? కాలవ తల దగ్గరే గొంతు నొక్కేశావు. ఆరుగురికీ అక్కణ్ణించే రావాలిగా? నా దగ్గర ఎంత లావు పైపుంటే ఏం లాభం?"

ఎజ్రా అప్పటికప్పుడు లైనంతా విప్పాడు. లావు పైపు తల దగ్గర, సన్నది చివర. పుట్టినప్పట్నుంచీ తిట్టుకున్న ఏర్పాటునే తన చేత్తో బిగించాడు. పానా అందిస్తూ నాగులు నవ్వాపుకోలేకపోయాడు. నాకు మాత్రం జాలేసింది.

మర్నాడు ఆరు పొయ్యిలూ నీలంగా మండాయి. ఆ చివర రిబ్కా ఒక్కసారి కూడా దగ్గకుండా బూందీ దూసింది. మొగుడికి చూపిద్దామని తలెత్తితే మనిషి లేడు. నాగులు పొయ్యి ముందు ఎజ్రా వంగి, మంట ఎంత ఎత్తుందో చూస్తున్నాడు.

"ఇటు రావయ్యా, నాకు సరిపోయింది!" అని పిలిచింది.

"నీకు సరిపోతే చాలా? ఈయనకి ఎక్కువ పోవట్లేదని నమ్మకమేంటి?"